సెల్లార్ నుంచి గ్లాసు దాకా

రాత్రి సరదాగా గడపడానికి ఏ పబ్ బాగుంటుందని వెతికితే దొరికే సమీక్షలన్నీ దాదాపు ఒకే దారిలో నడుస్తాయి. పాటలు ఎలా ఉన్నాయి, కూర్చోవడానికి చోటు దొరికిందా, చిప్స్ వేడిగా తెచ్చారా, పింటుకి ఎంత పుచ్చుకున్నారు. ఇవన్నీ తెలుసుకోవలసినవే. కానీ బ్రిటన్‌లో పబ్‌ను పబ్‌గా నిలబెట్టే పనితనం ఈ సమీక్షల్లో అరుదుగా కనిపిస్తుంది. అది మనం నిలబడ్డ నేలకు అడుగున, చల్లటి సెల్లార్‌లో ఉంటుంది. అక్కడ ఒక మనిషి పొద్దున్నే కొయ్య సుత్తి, గుప్పెడు చెక్క మేకులు, థర్మామీటరు దగ్గర పెట్టుకుని చేసే పనిని బట్టే సాయంత్రం పైన గ్లాసులోకి ఏం రావాలో తేలుతుంది. ఆ పనిని కింద నుంచి పైకి, పీపా నుంచి గ్లాసు దాకా, గ్లాసు నుంచి గది దాకా వరుసగా పరిచయం చెయ్యాలని నా కోరిక. తాగే అలవాటు లేనివాళ్ళు లైమ్ సోడా తెప్పించుకుని కూర్చున్నా ఇందులో చూడదగ్గది ఏమీ తగ్గదు.

బ్రిటిష్ పబ్ కౌంటర్ మీద రెండు రకాల ఏర్పాట్లు ఉంటాయి. మెరిసే లోహపు కుళాయిలు ఒక రకం. చిన్న మీట వంచితే చాలు, బీరు దానంతట అదే ధారగా వస్తుంది. అది కెగ్ బీరు. దాన్ని బ్రూవరీలోనే వడగట్టి, చాలావరకు పాశ్చరైజ్ చేసి, స్టీలు కెగ్‌లో నింపి పంపుతారు. పబ్‌లో గ్యాసు ఒత్తిడి దాన్ని పైకి నెడుతుంది. హైదరాబాద్ పబ్బుల్లో డ్రాఫ్ట్ బీరు తాగినవాళ్ళకు బాగా తెలిసిన పద్ధతి ఇది. రెండో రకంలో కౌంటర్ మీద పొడవాటి చెక్క పిడులో పింగాణీ పిడులో నిటారుగా నిలబడి ఉంటాయి. వాటిని బలంగా ముందుకు లాగాలి. అలా లాగితే వచ్చేదాన్ని కాస్క్ ఏల్ అంటారు. లండన్‌కో మాంచెస్టర్‌కో చదువుకో ఉద్యోగానికో వెళ్ళిన మన పిల్లలు శుక్రవారం సాయంత్రం ఆఫీసువాళ్ళతో పబ్‌కి వెళ్ళినప్పుడు ఆ పిడులను చూసే ఉంటారు. వాటి వెనక ఏముందన్నదే ఈ వ్యాసం.

కాస్క్ ఏల్‌ను బ్రూవరీ పూర్తిచేసి పంపదు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, హాప్స్ పువ్వు, నీరు, ఈస్టు కలిసి మొదటిసారి పులియడం బ్రూవరీలో అవుతుంది. తర్వాత వడగట్టకుండా, వేడి చెయ్యకుండా, బతికున్న ఈస్టుతోనూ మిగిలిన కాస్త చక్కెరతోనూ సహా పీపాలోకి దించేస్తారు. రెండోసారి పులియడం ఆ పీపాలోనే, పబ్ సెల్లార్‌లో జరుగుతుంది. చెట్టు మీంచి దించిన కల్లు లొట్టిలో ఎలా పొంగుతూనే ఉంటుందో, పూటపూటకూ రుచి ఎలా మారుతుందో ఎరిగిన తెలుగువాళ్ళకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. అయితే ఇక్కడ ఆ పొంగును ఎప్పుడు వదలాలో ఎప్పుడు బిగించాలో కనిపెట్టుకుని ఉండే మనిషి ఒకరు ఉంటారు. బీరులో సన్నగా కనిపించే బుడగలు కూడా బయటి సిలిండరు నుంచి ఎక్కించినవి కావు. అదే పీపాలో ఈస్టు పుట్టించినవి. అంటే బ్రూవరీ సగం బీరు చేస్తుంది, మిగతా సగం పబ్ చేస్తుంది. ఒకే బ్రూవరీ నుంచి ఒకే రోజు బయల్దేరిన రెండు పీపాలు రెండు వీధుల్లోని రెండు పబ్బుల్లో రెండు రుచులుగా తేలడానికి కారణం ఇదే.

1960ల్లో పెద్ద బ్రూవరీలు కెగ్ వైపు మళ్ళడానికీ కారణం ఇదే. కెగ్ ఎక్కడైనా ఒకే రుచి ఇస్తుంది, ఎక్కువ రోజులు నిలవుంటుంది, సెల్లార్‌లో నేర్పరి అక్కర్లేదు. వ్యాపారానికి ఇంతకన్నా ఏం కావాలి? 1971లో ఐర్లండ్‌లోని కెర్రీకి సెలవులకు వెళ్ళిన నలుగురు ఇంగ్లండ్ కుర్రాళ్ళు, మైకేల్ హార్డ్‌మన్, గ్రాహమ్ లీస్, జిమ్ మేకిన్, బిల్ మెల్లర్, ఈ ధోరణి నచ్చక కామ్రా అనే సంఘం పెట్టారు. 1973లో దాని పూర్తి పేరు 'కాంపెయిన్ ఫర్ రియల్ ఏల్'గా స్థిరపడింది. 1974 నుంచి వాళ్ళు 'గుడ్ బీర్ గైడ్' అనే పుస్తకం తెస్తున్నారు. పబ్‌కి అందులో చోటు దొరకాలంటే అన్నిటికన్నా ముందు చూసేది బీరు ఏ స్థితిలో గ్లాసులోకి వచ్చిందని. పబ్ సమీక్షకు ఇంతకన్నా సూటి కొలమానం నాకు కనిపించలేదు.

ఇక పీపా సంగతి. పబ్బుల్లో ఎక్కువగా కనిపించేది ఫిర్కిన్. 9 గ్యాలన్లు పడుతుంది, అంటే దాదాపు 41 లీటర్లు, 72 పింట్లు. దానికి రెట్టింపు కిల్డర్‌కిన్. ఒకప్పుడు ఓక్ చెక్కతో చేసేవాళ్ళు. ఇప్పుడు చాలావరకు స్టెయిన్‌లెస్ స్టీలు, ప్లాస్టిక్కు. పదార్థం మారినా ఆకారం మారలేదు, నడుమ ఉబ్బి రెండు చివర్లా సన్నబడుతుంది. ఆ ఉబ్బులో చాలా తెలివి ఉంది. పీపాను అడ్డంగా పడుకోబెట్టినప్పుడు పొట్ట భాగం అన్నిటికన్నా దిగువన ఉంటుంది కనుక మడ్డి అంతా అక్కడికే జారి చేరుతుంది. కుళాయి బిగించే రంధ్రం పీపా ముఖం మీద, ఆ పొట్ట మట్టానికి కాస్త పైన ఉంటుంది. కుళాయి తిప్పితే తేట బీరే వస్తుంది, మడ్డి పొట్టలోనే ఉండిపోతుంది. వడపోత యంత్రం చెయ్యాల్సిన పనిని ఒక వంపు చేసిపెడుతోంది. నిండు పీపాను ఒక్క మనిషి నేల మీద దొర్లించుకుంటూ ఎటు కావాలంటే అటు తిప్పుకోగలగడం కూడా ఆ వంపు పుణ్యమే.

పీపాకి రెండే రంధ్రాలు. పొట్ట మీద ఉన్నదాన్ని మూసే గుండ్రటి బిరడా పేరు షైవ్. ముఖం మీద అంచు దగ్గర ఉన్నదాన్ని మూసే బిరడా పేరు కీస్టోన్. ఒక్కో బిరడా నడిమధ్యలో కావాలనే పలచగా వదిలిన చోటు ఒకటి ఉంటుంది. అక్కడ దెబ్బ కొడితే ఆ చిన్న ముక్క లోపలికి విరిగి దారి ఇస్తుంది, చుట్టూ ఉన్న భాగం మాత్రం బిగువుగా నిలుస్తుంది. మూత ఊడదీసే అవసరమే లేకుండా, ఉన్న మూతలోంచే దారి చేసుకునే ఏర్పాటు ఇది. ఒక్కసారి వాడి పారేసే వస్తువు మీద కూడా ఇంత ఆలోచన పెట్టినవాళ్ళంటే నాకు గౌరవం.

పబ్ ముందు ఫుట్‌పాత్ మీద తలుపులు అమర్చి ఉండటం మీరు గమనించి ఉంటారు. బ్రూవరీ లారీ వచ్చినప్పుడు వాటిని తెరిచి, పీపాలను ఏటవాలుగా కిందికి జారవిడుస్తారు. సెల్లార్‌లో వాటిని స్టిల్లేజ్ అనే దిమ్మె మీద, షైవ్ సరిగ్గా పైకి వచ్చేలా పడుకోబెట్టి, కదలకుండా రెండు పక్కలా చెక్క ఆపులు పెడతారు. ప్రయాణంలో కలిగిన కుదుపుకి మడ్డి అంతా బీరులో కలిసిపోయి ఉంటుంది. దాన్ని కుదురుకోనివ్వాలి. ఆ తర్వాత మొదలవుతుంది అసలు పని.

ముందు షైవ్ నడుమ మెత్తటి మేకు దిగ్గొడతారు. ఈ మేకుని స్పైల్ అంటారు. వెదురుతోనో గాలి ఆడే మెత్తటి చెక్కతోనో చేసింది. అది దిగగానే లోపల ఒత్తిడిగా ఉన్న గ్యాసు ఆ చెక్క సందుల్లోంచి తోసుకొస్తుంది, దాంతోపాటే నురగ. సెల్లార్ మనిషి ఆ నురగను శుభ్రమైన గుడ్డతో తుడిచి చూస్తాడు. తుడిచిన మరుక్షణం మళ్ళీ నురగ కట్టిందంటే ఈస్టు ఇంకా జోరు మీద ఉంది. కొన్ని గంటలు పోనిచ్చి మళ్ళీ తుడుస్తాడు. నురగతో పూడుకుపోయిన మేకు తీసి కొత్తది పెడతాడు. తుడిచాక కొన్ని సెకన్లు ఆగి, ఒక్కొక్క బుడగా నింపాదిగా పైకి వస్తోందంటే జోరు తగ్గింది. అప్పుడు మెత్తటి మేకు తీసేసి గట్టి మేకు బిగిస్తాడు. ఇది గట్టి చెక్కతోనో నైలాన్‌తోనో చేసింది, గాలి దూరదు. ఇక ఆ తర్వాత పుట్టిన గ్యాసు బయటికి పోయే దారి లేక బీరులోనే కరిగి ఉండిపోతుంది.

ఈ ఒక్క నిర్ణయంలో మొత్తం పని ఇమిడి ఉంది. గట్టి మేకు తొందరపడి బిగిస్తే బీరులో గ్యాసు ఎక్కువై, పైన గ్లాసు నిండా నురగే వస్తుంది. పైగా పొంగు తగ్గని పీపాలో మడ్డి కిందికి దిగదు, బీరు తేటపడదు. ఆలస్యం చేస్తే గ్యాసంతా పోయి బీరు చప్పబడుతుంది, ఇక దాన్ని బతికించే మార్గం లేదు. ఏ ఏల్ ఎంత జోరుగా పులుస్తుందన్నది బ్రూవరీని బట్టి, ఈస్టుని బట్టి, ఆ వారం ఎండని బట్టి, లారీలో ఎంతసేపు తిరిగిందన్నదాన్ని బట్టి మారుతుంది. మీటరు చెప్పే సంఖ్య లేదు. ఒక గుడ్డ, ఒక చూపు, ఇంతకు ముందు పీపాలు నేర్పిన అనుభవం, అంతే. మేకుని అటూ ఇటూ మార్చడంతో ఒక జీవ ప్రక్రియ వేగాన్ని చేతిలో పెట్టుకోవచ్చని మొదట ఎవరు కనిపెట్టారో గాని, ఇంత తక్కువ సామానుతో ఇంత సున్నితమైన అదుపు మరే వృత్తిలోనైనా ఉంటుందా అనిపిస్తుంది.

బీరు తేటపడటానికి మరో సాయం ఉంది. బ్రూవరీ పీపా నింపేటప్పుడు ఐసింగ్లాస్ అనే పదార్థం కొంచెం కలుపుతుంది. కొన్ని చేపల కడుపులో ఉండే గాలితిత్తి నుంచి తీసిన కొలాజెన్ అది. దాని కణాలకు ధనావేశం, ఈస్టు కణాలకు రుణావేశం. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని, బరువెక్కి, ముద్దలుగా పొట్టలోకి దిగిపోతాయి. పీపాను కదిపితే లేచినా మళ్ళీ దిగుతాయి, అందుకే ప్రయాణపు కుదుపుని ఈ ఏర్పాటు తట్టుకుంటుంది. శాకాహారులు ఈ సంగతి తెలుసుకుని ఉండటం మంచిది. ఐసింగ్లాస్ వాడకుండా, కాస్త మసకగా ఉన్న బీరునే అమ్మే బ్రూవరీలు ఇప్పుడు ఉన్నాయి. కౌంటర్‌లో అడిగితే చెబుతారు.

కుళాయి బిగించడం చూడటానికి ముచ్చటైన పని. కీస్టోన్‌ని శుభ్రంగా తుడిచి, కుళాయి మొన దాని మధ్యన ఆనించి, కొయ్య సుత్తితో సూటిగా ఒక్క గట్టి దెబ్బ కొడతారు. చెయ్యి సందేహిస్తే కీస్టోన్ సగం విరిగి, బీరు మొహం మీదికి చిమ్ముతుంది. కుళాయి మూసి ఉందో లేదో ముందే చూసుకోవాలని వేరే చెప్పనక్కర్లేదు. కుళాయి దిగాక కొంచెం గ్లాసులోకి పట్టి వెలుతురుకి ఎత్తి చూస్తారు, వాసన చూస్తారు, రుచి చూస్తారు. మూడూ కుదిరితేనే ఆ పీపాకి పైనున్న పంపు గొట్టం తగిలిస్తారు.

సెల్లార్ వేడి 11 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలవాలి. ఇంతకన్నా చల్లబడితే ఈస్టు ముడుచుకుంటుంది, బీరు మసకబారుతుంది, నాలుకకు రుచి అందదు. వేడెక్కితే గ్యాసు నిలవదు, బీరు తొందరగా పులిసి పాడవుతుంది. ఐసులాంటి బీరుకి అలవాటుపడిన మనవాళ్ళు మొదటి గుక్కకే ఇది వెచ్చగా ఉందని గ్లాసు పక్కన పెడతారు. మరో రెండు గుక్కలు ఓపిక పట్టమని నా మనవి. మాల్టు తీపి, హాప్స్ చేదు విడివిడిగా తెలియాలంటే ఈ చల్లదనమే సరైనది.

ఒకసారి అమ్మకం మొదలైతే గడియారం పరిగెడుతుంది. బీరు బయటికి వెళ్ళిన చోటు ఖాళీగా ఉండదు, గాలి లోపలికి వస్తుంది. అమ్మకం సాగే వేళ ఆ గాలికి దారి ఇవ్వక తప్పదు, లేకపోతే పంపు లాగినా బీరు రాదు. రాత్రి పబ్ మూశాక మళ్ళీ గట్టి మేకు బిగించి, మిగిలిన గ్యాసుని కాపాడుకుంటారు. పీపా ఖాళీ అవుతున్నకొద్దీ వెనక భాగాన్ని కొంచెం కొంచెంగా, మడ్డి కదలకుండా పైకి లేపుతారు. ఎంత జాగ్రత్త చేసినా మంచి రుచి నిలిచేది మూడు రోజులు. అంటే 72 పింట్లు మూడు రోజుల్లో అమ్ముడుపోవాలి. అందుకే తెలివైన యజమాని తన పబ్‌కి వచ్చే జనాన్ని లెక్కవేసుకుని పంపులు పెడతాడు. జనం లేని పబ్‌లో పది పిడులు వరుసగా మెరుస్తుంటే నేను సంతోషించను. రెండో మూడో పిడులు ఉండి, వాటి ముందు మనుషులు కిక్కిరిసి ఉంటే అక్కడ బీరు బాగుంటుందని నమ్ముతాను.

ఇప్పుడు పైకి వద్దాం. పిడితో సహా కౌంటర్ మీద, దాని కింద ఉన్న యంత్రాన్ని బీర్ ఇంజిన్ అంటారు. పేరు పెద్దదే గాని ఇది చేత్తో నడిచే నీటి పంపుకి దగ్గర చుట్టం. దీనికి 1797లో పేటెంట్ తీసుకున్నవాడు జోసెఫ్ బ్రామా. హైడ్రాలిక్ ప్రెస్ కనిపెట్టింది కూడా ఆయనే. 1790లో ఆయన ఒక తాళం చేసి, దీన్ని తాళంచెవి లేకుండా తెరిచినవాళ్ళకు బహుమతి ఇస్తానని లండన్‌లోని తన దుకాణం కిటికీలో పెట్టాడు. 1851లో ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికన్ తెరిచేదాకా అది లొంగలేదు. అంతటి కచ్చితమైన చెయ్యి బీరు పంపు మీద పడటం పబ్బుల అదృష్టం. ద్రవం జారిపోకుండా పిస్టన్‌ని సిలిండర్‌లో బిగువుగా ఆడించడం ఆయన హైడ్రాలిక్ ప్రెస్‌కీ కావలసిన పనే.

యంత్రం ఇలా పనిచేస్తుంది. కౌంటర్ కింద నిలువుగా ఒక సిలిండరు, సాధారణంగా అర పింటు పట్టేది. అందులో ఒక పిస్టన్. సిలిండరు అడుగున బీరు వచ్చే దారిలో ఒక వాల్వు, పిస్టన్‌లోనే మరో వాల్వు. రెండూ పైకి మాత్రమే తెరుచుకుంటాయి. పిడిని ముందుకు లాగితే మీట తిరిగి పిస్టన్ పైకి లేస్తుంది. పిస్టన్ మీద ఉన్న బీరు ముక్కులోంచి గ్లాసులోకి పోతుంది. అదే కదలికలో పిస్టన్ కింద ఏర్పడ్డ ఖాళీలోకి సెల్లార్ నుంచి కొత్త బీరు ఎక్కుతుంది. పిడిని వెనక్కి వదిలితే పిస్టన్ కిందికి దిగుతుంది. అడుగు వాల్వు మూసుకుంటుంది, పిస్టన్ వాల్వు తెరుచుకుంటుంది, కింద ఉన్న బీరు పిస్టన్ మీదికి చేరుకుంటుంది. ఒక లాగుడులో పొయ్యడమూ, తర్వాతి లాగుడుకి సరుకు తెచ్చుకోవడమూ రెండూ అయిపోయాయి. గ్యాసు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. రెండు నిండు లాగుళ్ళకు దాదాపు ఒక పింటు.

ఈ పంపుకి మరో సుగుణం ఉంది. కింద పీపాలో ఏం జరుగుతోందో లాగే చేతికి తెలుస్తుంది. పిడి బరువుగా తోస్తే బీరు సవ్యంగా వస్తోంది. ఉన్నట్టుండి తేలికైతే పీపా అడుగంటింది, గొట్టంలోకి గాలి వచ్చింది. మరీ బిగుసుకుంటే పీపా మీది గట్టి మేకు తియ్యడం మర్చిపోయారు. అనుభవం ఉన్న బార్ మనిషి కస్టమర్‌తో మాట్లాడుతూనే ఈ కబురంతా మోచేత్తో అందుకుంటాడు. లాగడం కూడా కుదుపు లేకుండా, ఒకే ఊపున, నిండుగా ఉండాలి. ఉత్తర ఇంగ్లండ్‌లో పంపు ముక్కుకి స్పార్క్లర్ అనే చిన్న చిల్లుల బిళ్ళ బిగించి, ముక్కుని గ్లాసు అడుగుదాకా దించి లాగుతారు. బీరు ఆ చిల్లుల్లోంచి చిమ్మి, మీగడలాంటి దట్టమైన నురగ కడుతుంది. దక్షిణాన బిళ్ళ లేకుండా పోస్తారు, నురగ పలచగా ఉంటుంది. ఏది సరైనదన్న వాదన అక్కడ ఎప్పటికీ తెగదు. నా మటుకు యార్క్‌షైర్‌లో చేసే బిట్టర్ రకం ఏల్ అయితే స్పార్క్లర్‌తోనే బాగుంటుంది. మిగతావాటి వాసన ఆ చిమ్మడంలో కొంత పోతుందనిపిస్తుంది.

రాత్రంతా గొట్టంలో నిలిచిపోయిన బీరుని మర్నాడు లాగి పారబొయ్యడం, వారానికోసారి గొట్టాలను శుభ్రపరిచే రసాయనం కలిపిన నీళ్ళతో కడగడం ఎవరూ మెచ్చుకోని పనులు. వీటిని మానేసిన పబ్‌లో సెల్లార్ ఎంత బాగున్నా ప్రయోజనం లేదు. గ్లాసు కూడా అంతే, సబ్బు జిడ్డు మిగిలితే నురగ నిలవదు. శుభ్రమైన గ్లాసులో తాగుతున్నకొద్దీ గోడల మీద నురగ వలయాలుగా అంటుకుని మిగులుతుంది. 568 మిల్లీలీటర్ల పింటు గ్లాసుకి పై అంచు కిందుగా చుట్టూ ఒక ఉబ్బు ఉంటుంది చూడండి. తడి చేతికి పట్టు దొరకడానికీ, పక్కపక్కన పెట్టినప్పుడు అంచులు తగిలి పగలకుండా ఉండటానికీ చేసిన ఏర్పాటు అది.

గ్లాసు చేతికి వచ్చింది కనుక ఇక తలెత్తి గదిని చూడాలి. విక్టోరియా కాలపు పబ్బుల్లో ఒకే కౌంటర్ చుట్టూ చిన్న చిన్న అరలు కట్టేవారు. కూలీలకు ఒకటి, కాస్త ఉన్నవాళ్ళకు ఒకటి, ఎవరి కంటా పడకుండా కూర్చోవాలనుకునేవాళ్ళకు ఒకటి. లండన్ బ్లూమ్స్‌బరీలో లాంబ్స్ కాండ్యూట్ స్ట్రీట్ మీద ఉన్న 'ది లాంబ్' పబ్‌లో స్నాబ్ స్క్రీన్లు ఇప్పటికీ ఉన్నాయి. కౌంటర్ మీద సరిగ్గా తల ఎత్తున చెక్క చట్రంలో చిన్న చిన్న గాజు పలకలు, ఇరుసు మీద తిరిగేవి. పలక మూస్తే బార్ మనిషికి తాగేవాళ్ళ మొహం కనపడదు. కిందనున్న సందులోంచి చేతులు, గ్లాసు, డబ్బు మాత్రం అటూ ఇటూ నడుస్తాయి. పరువు గురించిన భయానికి వడ్రంగి చూపిన పరిష్కారం అది.

ఆ గాజు మీద పూలూ తీగలూ చెక్కడం వేరే విద్య. గాజు మీద ఆమ్లానికి లొంగని నల్లటి పూత పూసి, మసకగా మారాల్సిన చోట మాత్రం గాజుని బయటికి వదిలి, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పోస్తారు. బయటపడ్డ చోటల్లా ఆమ్లం గాజుని కొరుకుతుంది. లోతైన గీతలను తిరిగే రాతి చక్రానికి గాజు ఆనించి కోస్తారు. వెలుతురు లోపలికి రావాలి, వీధి చూపులు మాత్రం రాకూడదు. పబ్ కిటికీల్లో కింది పలకలు మసకగా ఉండటంలోని ఉద్దేశం ఇదే.

అరల పనితనం పరాకాష్ఠకు చేరింది బెల్‌ఫాస్ట్‌లోని క్రౌన్ లిక్కర్ సెలూన్‌లో. 1885లో పాట్రిక్ ఫ్లానగన్ దీన్ని తిరిగి తీర్చిదిద్దాడు. చర్చిల పని కోసం ఐర్లండ్ వచ్చిన ఇటలీ పనివాళ్ళ చేత పని ముగిశాక ఇక్కడ పలకలూ గాజూ చెక్కా చేయించుకున్నాడని చెబుతారు. లోపల తలుపులున్న పది అరలు, ఒక్కోదానికి ఒక్కో అక్షరం. గోడకు అగ్గిపుల్ల గీసుకోవడానికి లోహపు పలక, బార్ మనిషిని పిలవడానికి గంట మీట. 1978 నుంచి ఇది పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు చేతుల్లో ఉంది. గ్యాసు దీపాలు ఇప్పటికీ వెలుగుతాయి.

లివర్‌పూల్ హోప్ స్ట్రీట్‌లోని ఫిల్‌హార్మోనిక్ డైనింగ్ రూమ్స్ దీనికి సాటి. బ్రూవరీ యజమాని రాబర్ట్ కేన్ కోసం వాల్టర్ థామస్ అనే ఆర్కిటెక్టు 1898, 1900 మధ్య కట్టాడు. ద్వారం దగ్గరి ఇనుప గేట్లు హెన్రీ బ్లూమ్‌ఫీల్డ్ బేర్ చేసినవి. లోపలి గోడల మీద రాగి రేకుల బొమ్మలున్నాయి. రేకుని వెనక నుంచి సుత్తితో కొద్దికొద్దిగా కొట్టి, ముందువైపు బొమ్మ ఉబ్బెత్తుగా లేచేలా చేసిన పని. మగవాళ్ళ మూత్రశాల గులాబీ రంగు పాలరాయితో కట్టారు, ఆడవాళ్ళు కూడా అడిగి మరీ చూసి వెళ్తారు. 2020లో దీనికి కట్టడాల రక్షణ జాబితాలో అత్యున్నత స్థాయి అయిన గ్రేడ్ 1 దొరికింది. పబ్ కోసమే కట్టిన విక్టోరియా కాలపు భవనాల్లో ఆ స్థాయి అందుకున్న మొదటిది ఇదే.

రాత్రి ఇంకా మిగిలి క్లబ్‌కి వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. లండన్ స్మిత్‌ఫీల్డ్ మార్కెట్ ఎదురుగా, పాత కోల్డ్ స్టోరేజి భవనంలో 1999లో మొదలైన ఫాబ్రిక్ క్లబ్‌లో పెద్ద గది నేల అడుగున ప్రకంపన యంత్రాలు బిగించారు. పాటలోని బాస్ పాదాల నుంచి ఒంట్లోకి పాకుతుంది. క్లబ్బుల పనితనం నేను ఎక్కువగా ఎరగను గాని, ఆ నేల వేసినవాళ్ళు మాత్రం పీపా చేసినవాళ్ళ పక్కన నిలబడదగ్గవాళ్ళు.

పబ్‌ని అంచనా కట్టడానికి కామ్రా సభ్యులు బీరుకి 0 నుంచి 5 దాకా మార్కులు వేస్తారు. కాస్క్ మార్క్ అనే మరో సంస్థ తనిఖీదారులు ముందు చెప్పకుండా వచ్చి వేడి, తేట, వాసన, రుచి పరీక్షించి వెళ్తారు. నెగ్గిన పబ్ తలుపు దగ్గర దాని పలక కనిపిస్తుంది. ఇవేవీ లేకపోయినా మీరే చూసుకోవచ్చు. బ్రిటన్‌లో ఒక్క సాయంత్రమే దొరికితే, రద్దీ మొదలవ్వక ముందు ఆరు గంటలకు వెళ్ళండి. ఏ పీపా ఎప్పుడు తెరిచారని కౌంటర్‌లో అడగండి. వెంటనే జవాబు చెప్పి, కొంచెం గ్లాసులో పోసి రుచి చూడమనే పబ్ దొరికితే అక్కడే కూర్చోండి. పింటు పుల్లగానో, మసకగా అమ్మే రకం కాకున్నా మసకగానో వస్తే మొహమాటపడకుండా వెనక్కి ఇవ్వండి, మంచి పబ్ మాట్లాడకుండా మార్చి ఇస్తుంది.